మోటారు సైకిలు బ్యాటరీ: పోషణము, భద్రత

(హోసూరులో మన సంఘపు వారాంత సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద సాధారణముగా భాషను గూర్చియు, బడులను గూర్చియు, పండుగలను గూర్చియు ఉపన్యాసములు జరుగుచుండును. ఈ వారము బ్యాటరీని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరగా, ఇది మన సంఘమునకు తగిన విషయమేనా యని కొందరు మిత్రులు సందేహించిరి. తగినదే యని మా యభిప్రాయము. అందుకు రెండు కారణములు కలవు.

మొదటిది బ్రతుకుతెరువు. మన హోసూరు మోటారు సైకిళ్ళు తయారగు ఊరు. బ్యాటరీలు చేయు కర్మాగారము కూడ ఇక్కడ కలదు. వేకువజామున గులాబీలను మార్కెట్టునకు చేర్చు రైతు, వాడుకగా పాలు పోయు మనిషి, ఆరు గంటల షిఫ్టునకు పోవు కార్మికుడు, రాత్రివేళ ఇంటింటికి భోజనపు పొట్లములు చేర్చు యువకుడు, వీరిలో ఎవరికైనను బండి కదలనినాడు కూలి లేదు. రెండవ కారణము భద్రత. బ్యాటరీమీద అచ్చువేసిన హెచ్చరికలు తెలుగున నుండవు. మన పిల్లలు తమిళమునందో ఇంగ్లీషునందో చదువుచున్నారు. ఇంటిలోని పెద్దలు తెలుగు మాత్రమే చదువగలరు. హెచ్చరిక చదువగలవాడు పనికి పోవును; బ్యాటరీ ఇంటిలో ఛార్జి అగుచుండును. ఆ హెచ్చరికను మన మాటలలో చెప్పుకొనుట సంఘము పనియే కదా!

ఇక నేరుగా విషయమునకు వత్తుము. మన పెద్దలు రెండు సామెతలు చెప్పిరి. ఒకటి, ‘ఆలస్యం అమృతం విషం’. రెండవది, ‘నిదానమే ప్రధానం’. ఈ రెండును ఒకదాని కొకటి విరుద్ధముగా తోచును. బ్యాటరీ విషయమున మాత్రము రెండును నిజములే. బ్యాటరీ నీరసించిన వెంటనే ఛార్జికి పెట్టవలెను. పెట్టిన పిదప మెల్లగా ఛార్జి చేయవలెను. మనలో పెక్కుమంది దీనిని తలక్రిందులు చేయుదురు. నెలల తరబడి ఉపేక్షించి, చివరకు ఒక గంటలో ఛార్జి కావలెనని తొందరపడుదురు. బ్యాటరీలు అకాలముగా చెడుటకును, ప్రమాదములు కలుగుటకును ఈ తారుమారే ముఖ్యకారణము.

బ్యాటరీ అనగా నేమి?

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. నాటినుండి నేటివరకు మూలసూత్రము మారలేదు. మన 12 వోల్టుల బ్యాటరీలో ఆరు అరలు కలవు. ఒక్కొక్క అర రెండు వోల్టులకు కొంచెము పైగా నిచ్చును. ప్రతి అరలోను రెండు జాతుల సీసపు పలకలు నిలిచియుండును. ధనపలకలు సీసపు ఆక్సైడుతోను, ఋణపలకలు మెత్తని స్పంజివంటి సీసముతోను చేయబడినవి. వాటి నడుమ నీటితో కలిసిన గంధకామ్లము, అనగా మనము ఆసిడ్ అనునది, ఉండును.

బ్యాటరీ విద్యుత్తు నిచ్చునపుడు ఆమ్లములోని గంధకపు భాగము పలకలను చేరి, రెండు జాతుల పలకలమీదను సీసపు సల్ఫేటు అను తెల్లని పదార్థమగును. ఆమ్లము పలుచనై నీరగుచుండును. ఛార్జి చేయునపుడు ఈ చర్య వెనుకకు నడచును. సల్ఫేటు కరగి గంధకము తిరిగి ద్రవమును చేరును, ఆమ్లము చిక్కనగును. ఈ రాకపోకలు సాగినంతకాలము బ్యాటరీ బ్రతికియుండును. ఇది గ్రహించినచో మేము చెప్పబోవు నియమములన్నియు తమంత తామే అర్థమగును.

ఆకలి

వాడుకలో నీరసించిన బ్యాటరీని అట్లే విడిచినచో ఏమగును? పలకలమీది సల్ఫేటు క్రొత్తలో మెత్తగా, సన్నని పొడివలె నుండును. ఛార్జి పెట్టగానే కరగును. వారములు గడచినకొలది అది గట్టి స్ఫటికములుగా పేరుకొనును. అప్పుడు ఎంత ఛార్జి పెట్టినను పూర్తిగా కరగదు. పేరుకొన్నంత మేర పలక పనికిరానిదగును. బండి కదలకున్నను బ్యాటరీ తనంత తాను కొద్దికొద్దిగా తగ్గుచుండును. వేడి పెరిగినకొలది ఆ తరుగుదలయు పెరుగును. దొంగలభయముచే అమర్చిన అలారము, బండి జాడ తెలుపు పరికరము మొదలైనవి రేయింబవళ్ళు కొంత విద్యుత్తును త్రాగుచుండును.

2020 మార్చి నెలాఖరున దేశమంతట లాక్‌డౌన్ విధించినపుడు ఈ సత్యము ఎందరికో అనుభవమునకు వచ్చినది. ఇంటిముందు రెండుమూడు నెలలు కదలక నిలిచిన బండ్లు, ఆంక్షలు సడలిననాడు సెల్ఫు నొక్కిన పలుకలేదు. ఆ బ్యాటరీలను చంపినది వాడకము కాదు, ఆకలి.

నిలిచిన బండికే ఆకలి యుండునని తలపరాదు. నిత్యము తిరుగు బండికిని ఉండవచ్చును. ఇంటినుండి బడికి, బడినుండి అంగడికి, అంగడినుండి కోవెలకు, ప్రతిసారి ఒక కిలోమీటరు నడిపి ఆపుచు, ప్రతిసారి సెల్ఫు వేయు బండిని చూడుడు. సెల్ఫు ఒక్కమారు లాగిన విద్యుత్తును ఇంజను తిరిగి నింపుటకు కొంత పరుగు కావలెను. ఆ పరుగు దానికి దొరకదు. పైగా 2017 ఏప్రిలునుండి వచ్చిన క్రొత్త ద్విచక్రవాహనములలో ఇంజను తిరుగుచున్నంతసేపు ముందుదీపము వెలుగుచునే యుండును. కావున అట్టి బండిని వారమున కొక్కమారైనను అరగంటసేపు మంచి వేగముతో నడుపవలెను. ఉదయపు మొదటి స్టార్టు, కిక్కు ఉన్న బండియైనచో, కాలితోనే చేయుట మంచి అలవాటు.

వెనుకటి బండ్లలో బ్యాటరీ పూర్తిగా పోయినను నాలుగు కిక్కులు కొట్టినచో ఇంజను లేచుచుండెను. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన బి.ఎస్. 6 నిబంధనల తరువాత ద్విచక్రవాహనములలో కార్బురేటరు స్థానమున పెట్రోలును సూదిరంధ్రములనుండి చిమ్ము పద్ధతి వ్యాపించినది. అందులో పెట్రోలు పంపునకును, దాని నడిపించు ఎలక్ట్రానిక్ పెట్టెకును విద్యుత్తు కావలెను. బ్యాటరీ బొత్తిగా లేనిచో త్రోసినను బండి లేవకపోవచ్చును. అనగా బ్యాటరీ వెనుకటికంటె నేడు ముఖ్యమైనది.

కావున నియమ మిది. బండిని పది పదునైదు దినములకు మించి విడువవలసి వచ్చినచో బ్యాటరీ ఋణపు తీగను విప్పి పోవలెను. నెల దాటినచో నెలకొకసారి ఛార్జి చేయవలెను. నీరసించిన బ్యాటరీని ఒకటి రెండు దినములలోనే ఛార్జికి పెట్టవలెను. ఆలస్యమైనచో అమృతము విషమగును.

అజీర్ణము

ఆకలి ఎంత చెరుపో, అతిగా తినిపించుటయు అంత చెరుపే. బ్యాటరీమీద దాని పరిమాణము ఆంపియరు గంటలలో వ్రాయబడి యుండును. చిన్న బండ్లలో అది రెండున్నర మొదలుకొని అయిదువరకు ఉండును. పెద్ద బండ్లలో ఎనిమిదియు, అంతకు పైనను ఉండును. ఛార్జి చేయు ప్రవాహము ఆ సంఖ్యలో పదియవ వంతునకు మించరాదు. ఇది కంఠస్థము చేయదగిన సూత్రము. నాలుగు ఆంపియరు గంటల బ్యాటరీకి 0.4 ఆంపియరు చాలును. అది బొత్తిగా అయిపోయినచో, నష్టములను కలుపుకొని, సుమారు 12 గంటలు పట్టును.

కారు బ్యాటరీని ఛార్జి చేయు పెట్టె అయిదు, పది ఆంపియరుల నిచ్చును. దానిని మన చిన్న బ్యాటరీకి తగిలించుట పసిబిడ్డ నోట కడివెడు నీళ్ళు పోయుటవంటిది. పలకలు వేడెక్కి వంగును. వాటిపైని పూత రాలి అడుగున చేరును. నీరు మరగినట్లు బుడగలు లేచి వాయువులు విడిపోవును. ‘ఒక గంటలో ఇచ్చెదము’ అను దుకాణమునందు, ‘ఎన్ని ఆంపియరులలో పెట్టెదరు?’ అని అడుగుటకు మొగమాటపడవలదు. ఆ ప్రశ్న వినినంతనే శ్రద్ధ పెరుగును.

ప్రవాహమునకువలె వోల్టుకును హద్దు కలదు. 12 వోల్టుల బ్యాటరీకి ఛార్జి ముగియు వేళ 14.4 వోల్టుల ప్రాంతమున ఆగవలెను. మూత తీయుటకు వీలులేని, నీరు పోయనక్కరలేని బ్యాటరీలకు ఈ హద్దు మరింత ముఖ్యము. వాటిలో పుట్టిన వాయువు లోపలనే కలిసి తిరిగి నీరగును. మితిమీరి పెట్టినచో ఆ వాయువు కవాటమును త్రోసికొని వెలుపలికి పోవును. పోయిన నీటిని మరల పోయుటకు దారి లేదు. కావున అట్టి బ్యాటరీకి తనంత తాను తగ్గి ఆగిపోవు ఛార్జరునే వాడవలెను. దాని మూతను స్క్రూడ్రైవరుతో పెకలింప యత్నింపరాదు.

మరి రెండు హెచ్చరికలు. పాత బుల్లెట్టు, జావా, రాజ్‌దూత్ బండ్లను ప్రేమతో పోషించువారు మనలో కలరు. వాటిలో పెక్కింటికి 6 వోల్టుల బ్యాటరీ యుండును. ఛార్జరును 6 వోల్టులకు మార్చిన పిమ్మటనే తగిలింపవలెను. అట్లే ఇటీవల కొన్ని బండ్లలో లిథియం బ్యాటరీలు వచ్చినవి. వాటికి వాటి ఛార్జరే తగును. సీసపు బ్యాటరీ ఛార్జరు తగదు.

ఛార్జి చేయు విధానము

ఇప్పుడు పనిని వరుసగా చెప్పుదుము. ముందుగా బండి తాళము తీయవలెను. వ్రేళ్ళకున్న ఉంగరములు, చేతి కడియము, గడియారము తీసి ప్రక్కన పెట్టవలెను. లోహము రెండు ధ్రువములను కలిపినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చర్మము నంటును. కన్నులకు అద్దములు ధరింపవలెను.

విప్పునపుడు ముందు ఋణధ్రువమును, అనగా నల్లతీగను విప్పవలెను. పిదప ఎఱ్ఱతీగను విప్పవలెను. బిగించునపుడు ముందు ఎఱ్ఱది, తుదకు నల్లది. కారణమేమనగా, బండి ఇనుప చట్రమంతయు ఋణధ్రువముతో కలిసియుండును. నల్లతీగ ఉండగా ఎఱ్ఱది విప్పినచో, చేతిలోని పానా చట్రమునకు తగిలి పెద్ద నిప్పురవ్వ లేచును. నల్లతీగ ముందే ఊడియున్నచో ఆ భయము లేదు.

బ్యాటరీని బండినుండి తీసి, గాలి యాడు చోట, చెక్కపలక మీద నిటారుగా నిలుపవలెను. నీరు పోయు రకమైనచో పలకలు మునిగియున్నవో లేవో చూడవలెను. తేలియున్నచో మునుగువరకు మాత్రము స్వేదనజలము పోసి, మూతలను వదులు చేయవలెను. ప్రక్కనుండు గాలిగొట్టము మూసికొని గాని మడతపడి గాని ఉండరాదు. ఛార్జరు ఎఱ్ఱకొక్కెమును ధనధ్రువమునకు, నల్లకొక్కెమును ఋణధ్రువమునకు తగిలించి, అవి కదలకున్నవని నిశ్చయించుకొని, ఆ తరువాతనే గోడమీది స్విచ్చి వేయవలెను. ముగించునపుడు ముందు స్విచ్చి ఆపి, ఆ తరువాతనే కొక్కెములను తీయవలెను. ఈ వరుస తప్పరాదు.

నడుమ నడుమ అరచేతితో బ్యాటరీ ప్రక్కను తాకి చూడవలెను. గోరువెచ్చన సహజము. చేయి ఓర్వలేని వేడిమి పుట్టినచో వెంటనే ఆపి, చల్లారిన పిదప తక్కువ ప్రవాహముతో సాగింపవలెను. ఛార్జి ముగిసి, బుడగలు అణగిన తరువాత స్వేదనజలమును పైగీతవరకు నింపి మూతలు బిగింపవలెను. ముందే గీతవరకు నింపినచో, ఛార్జి అగునపుడు ద్రవము పొంగి వెలుపలికి వచ్చును.

కనబడని వాయువు

పై నియమములలో స్విచ్చిని గూర్చియు, గాలిని గూర్చియు ఇంత పట్టుదల ఏల? ఛార్జి తుదిదశకు వచ్చునపుడు నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని వాయువులు వెలువడును. ఉదజనికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరినంతనే అది మండుటకు సిద్ధమగును. కొక్కెమును లాగినపుడు లేచిన ఒక్క నిప్పురవ్వ చాలును; బ్యాటరీ పగిలి, ఆమ్లమును ముక్కలను ముఖముమీదికి చిమ్మును. పోవునది చాలసార్లు కన్నే.

కావున తలుపులు మూసిన గదిలో, మంచము ప్రక్కన, రాత్రియంతయు ఛార్జి పెట్టి నిద్రింపరాదు. వంటయింటిలో, పొయ్యి దాపున, దీపారాధన చేయు గూటివద్ద, అగరువత్తుల ప్రక్కన పెట్టరాదు. బీడీ సిగరెట్టులు దగ్గరకు రానీయరాదు. అరలలో నీటిమట్టము చూచుటకు అగ్గిపుల్ల వెలిగించుట మహాపరాధము. టార్చి దీపము వాడవలెను. తీగముక్కతో రెండు ధ్రువములను తాకించి, ‘రవ్వ వచ్చుచున్నది, ఛార్జి ఉన్నది’ యను పరీక్షను పెద్ద మేస్త్రీలు చేసినను, చిన్న కుఱ్ఱవాండ్రు నేర్వరాదు. ఆ పరీక్ష చేయు చెయ్యి నేర్పరిది కావచ్చును. వాయువునకు నేర్పరి, నేర్వనివాడు అను భేదము లేదు.

ఆమ్లము చర్మముమీద పడినచో వెంటనే ధారాళముగా నీళ్ళతో కడుగవలెను. తడిసిన బట్ట విప్పివేయవలెను. కంటిలో పడినచో నలుపరాదు. రెప్పలు విప్పి పట్టి, శుభ్రమైన నీటిధారతో కనీసము పదునైదు నిమిషములు కడిగి, తక్షణము వైద్యునికడకు తీసికొనిపోవలెను. కంటిలో సోడా గాని, పాలు గాని, పసరు గాని పోయరాదు. ‘కొంచెమేగా, రేపు చూతము’ అను మాట కూడదు. ఛార్జి చేయు చోట ఒక బకెట్టు మంచినీరు సిద్ధముగా నుంచుట కర్చు లేని జాగ్రత్త.

నీరు, శుభ్రత

నీరు పోయు బ్యాటరీల ప్రక్కన రెండు గీత లుండును. ద్రవము క్రిందిగీతకు దిగక, పైగీతను దాటక ఉండవలెను. పోయదగినది స్వేదనజలము మాత్రమే. బోరునీటిలోని లవణములు పలకలకు విషము. వడగట్టిన త్రాగునీరును, సీసాలలో అమ్ము నీరును కూడ పనికిరావు. అవి మనుష్యులకు మంచివే కాని వాటిలోను లవణములు మిగిలియుండును. తగ్గినది నీరు కాన నీటినే పోయవలెను. ‘బలము తగ్గినది, కొంచెము ఆసిడ్ పోయుడు’ అనువారి మాట వినరాదు. ఆమ్లము క్రొత్త బ్యాటరీని నింపునపుడు ఒక్కమారు మాత్రమే పోయబడును. దానిని ఇంటిలో కలుపు పని మనకు వలదు.

క్రొత్త బ్యాటరీని గూర్చి ఒక మాట. ఆమ్లము పోసిన క్షణమున అది నిండు ఛార్జితో నుండదు. పోసిన పిదప కొంతసేపు నాననిచ్చి, మొదటి ఛార్జి నిదానముగా పూర్తిచేసి బండికి బిగింపవలెను. తొందరపడి పది నిమిషములలో పట్టుకొనిపోయిన బ్యాటరీ జీవితమంతయు ఆ లోటుతోనే గడుపును. దుకాణమువాడు, ‘రేపు రండు’ అనినచో అతడు మన మేలు కోరినవాడని గ్రహింపవలెను.

ధ్రువములమీద తెల్లనిదియో పచ్చనిదియో బూజువంటి పొడి పట్టినచో, తీగలు విప్పి, వంటసోడా కలిపిన నీటితో తోమి, మంచినీటితో తుడిచి, ఆరబెట్టవలెను. ఆ సోడానీరు అరలలోనికి పోరాదు. మరల గట్టిగా బిగించి, పైన కొంచెము వాజలీను పూయవలెను. ‘బ్యాటరీ పోయినది’ అని మార్చిన కొన్నింటికి వదులైన మరయే రోగము. కాలిన ఫ్యూజు స్థానమున తీగముక్క చుట్టరాదు. బ్యాటరీ లేకుండ, తీగలు వ్రేలాడుచుండగా, ఇంజనును నడుపరాదు. దీపములును, ఎలక్ట్రానిక్ పెట్టెయు కాలిపోవచ్చును.

మన ప్రాంతమున అమావాస్యనాడు బండికి నిమ్మకాయ కట్టుట, ఆయుధపూజనాడు కడిగి పూలదండ వేయుట వాడుక కదా. ఆ అమావాస్యనే నీటిమట్టము చూచు దినముగా పెట్టుకొన్నచో పంచాంగమే మనకు గుర్తుచేయును. ఆయుధపూజకు ముందటి దినము ధ్రువములను శుభ్రము చేసినచో పూజకును సార్థకత కలుగును.

మూడు కొలతలు

చిన్న మల్టీమీటరు ఒకటి ఇంటింట అక్కరలేదు, వీధికొకటి చాలును. దానితో మూడు కొలతలు చూచినచో బ్యాటరీ రోగమో, బండి రోగమో తేలును.

మొదటిది, ఒక రాత్రి విశ్రాంతి యిచ్చిన బ్యాటరీ వోల్టులు. 12.6 గాని అంతకు కొంచెము పైగా గాని ఉన్నచో నిండియున్నది. 12.4 ప్రాంతమున ముప్పాతిక, 12.2 ప్రాంతమున సగము. 12 కు దిగినచో ఆకలితో నున్నదని యర్థము. రెండవది, సెల్ఫు నొక్కినపుడు కొలత. అది 9.5 క్రిందికి పడిపోయినచో, నిండు ఛార్జి తరువాతను అట్లే పడుచున్నచో, బ్యాటరీ శక్తి ఉడిగినది. మూడవది, ఇంజను మంచి వేగమున తిరుగుచుండగా కొలత. 13.5 నుండి 14.8 వరకు ఉండవలెను. 13 కు లోబడినచో బండి బ్యాటరీని పోషించుట లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది; అది బ్యాటరీని ఉడికించుచున్నది. ఈ రెండు సందర్భములలోను క్రొత్త బ్యాటరీ కొనుట వృథా. అదియు త్వరలోనే పాతదాని దారి పట్టును. ఈ మూడు అంకెలు తెలిసినవానిని ఎవ్వరును సులభముగా మోసగింపలేరు.

బొమ్మల భాష

చాల బ్యాటరీలమీద ఆరు చిన్న బొమ్మ లుండును. వాటిని మన మాటలలో చెప్పుదుము. ఇంటిలో పెద్దలకు, పిల్లలకు చూపుడు. కండ్లద్దముల బొమ్మ: కన్నులను కాపాడుకొనుము. నిప్పుపై అడ్డుగీత: మంట, రవ్వ, పొగ దగ్గరకు రానీయకుము. పిల్లవాని బొమ్మ: పిల్లలకు అందనీయకుము. చేతిమీద చుక్కలు పడు బొమ్మ: లోపల కాల్చివేయు ఆమ్లమున్నది. పుస్తకపు బొమ్మ: చేయు పద్ధతిని ముందు చదువుము. పగిలిపోవుచున్న బొమ్మ: ప్రేలు వాయువు పుట్టును. వీటితోపాటు అడ్డుగీత గీసిన చెత్తబుట్ట బొమ్మయు, దాని దాపున ‘పి’, ‘బి’ అను రెండు ఇంగ్లీషు అక్షరములును ఉండును. ఆ అక్షరములు సీసమునకు గుర్తు. చెత్తలో వేయరాదని దాని భావము.

కాలము తీరిన బ్యాటరీ

ఈ చివరి బొమ్మయే మా చివరి అంశము. చిన్న బ్యాటరీ యైనను కిలోకు పైగా తూగును. ఆ బరువులో హెచ్చుపాలు సీసమే. సీసమునకు ధర యున్నది. అందుచేత పాత బ్యాటరీలను పెరటిలో పగులగొట్టి, ఆమ్లమును కాలువలో పారబోసి, సీసమును కరగించు పనివారు దేశమున అక్కడక్కడ కలరు. ఆ పొగయు, ఆ ధూళియు పిల్లల రక్తమున చేరినచో వారి మెదడు ఎదుగుదల కుంటుపడును. సీసమునకు హానిలేని మోతాదు అనునదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఈ హాని ఒక్కదినమున కనబడదు. బడిలో పాఠము తలకెక్కని పిల్లవానిని మందబుద్ధి యనుకొందుము. కారణము ఇంటి పెరటిలో నుండవచ్చును.

బ్యాటరీల సేకరణకు 2001లోనే కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. 2022లో వాటి స్థానమున క్రొత్త నియమములు వచ్చినవి. పాతవాటిని తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులపై ఉన్నది. ఇతర చెత్తతో కలుపక సరియైన చోట అప్పగించు బాధ్యత మనది. క్రొత్త బ్యాటరీ కొను దుకాణముననే పాతది ఇచ్చి, ధరలో తగ్గింపు అడిగి తీసికొనుట అన్నిటికంటె సులభము. నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చునని ఊరూపేరూ లేని తూకపువానికి వేయుట, ఆ రూపాయలను పొరుగింటి పిల్లలనుండి తీసికొనుటయే.

సోదరులారా, కార్యవర్గమువారికి మా విన్నపము రెండు మాటలలో ముగించెదము. ఈ నియమములను తెలుగున, పెద్ద అక్షరములతో ఒక పుటగా అచ్చువేయించి, మనవారు పనిచేయు మరమ్మతు దుకాణములలో అంటింపజేయవలెను. వీధికొకటి చొప్పున మల్టీమీటరును, ఒక జత కండ్లద్దములను సంఘము తరపున ఉంచవలెను. దుకాణములలో పని నేర్చుకొను కుఱ్ఱవాండ్రకు ఆ అద్దములు ఎవ్వరును కొనిపెట్టరు. వారి కన్నులకు వెల కట్టువాడును లేడు.

త్వరగా మొదలుపెట్టుడు, నిదానముగా చేయుడు, గాలి యాడనిండు, నిప్పు నుంచకుడు.